బొగ్గుకు తొందర లేదు

ఇది ఇద్దరి మధ్య నడిచిన వాదన. ఒకరు విశాఖ ఉక్కు కర్మాగారంలో బొగ్గును కాల్చి కోక్‌ చేసే ఓవెన్ల దగ్గర ఫోర్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. రెండో మనిషి ఆయన అన్నగారి అమ్మాయి, డిగ్రీ కాలేజీలో చరిత్ర లెక్చరర్‌. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు కానెల్స్‌విల్‌ ప్రాంతంలో ఒకప్పుడు సాగిన కోక్‌ తయారీ మీద ఆమె ఒక వ్యాసం రాసి, సాంకేతికంగా ఏమైనా తప్పులుంటే దిద్దమని బాబాయికి ఇచ్చింది. ఆయన దిద్దలేదు, మొదటి పేజీలోనే ఒక వాక్యాన్ని కొట్టేశారు. మాటలు అక్కడ మొదలయ్యాయి. నా రాతలో తూకం ఎక్కడైనా తప్పితే అది బాబాయి వైపే తప్పి ఉంటుంది. ఆయన లెక్కలు చెబుతుంటే వినాలనిపిస్తుంది.

బాబాయి: ఏటమ్మా ఇది? ‘1910 నాటికి కానెల్స్‌విల్‌ సామర్థ్యం దాదాపు 40,000 ఓవెన్లు’ అని రాశావు. ఓవెన్లు లెక్కపెడితే సామర్థ్యం తేలిపోతుందా? మా దగ్గర ఓవెన్ల వరసను బ్యాటరీ అంటాం, బ్యాటరీకి 67 ఓవెన్లు. నీ లెక్కన ఆ కొండల్లో మాలాంటి బ్యాటరీలు ఆరొందలు ఉండేవన్నమాట.

లెక్చరర్‌: ఆ లెక్క నాది కాదు బాబాయ్‌, వాళ్లదే. కానెల్స్‌విల్‌లో ‘కొరియర్‌’ అని పత్రిక ఉండేది. వారం వారం పట్టిక వేసేది. మొత్తం ఓవెన్లు ఎన్ని, మండుతున్నవి ఎన్ని, ఖాళీగా ఉన్నవి ఎన్ని అని. కోక్‌ వ్యాపారంలో ఉన్నవాళ్లకు ఆ పట్టికే ప్రమాణం. మనవాళ్లు ఊరు ఎంత పెద్దదో గడపల్లో చెప్పినట్టు, వాళ్లు సామర్థ్యాన్ని ఓవెన్లలో చెప్పుకున్నారు. అమెరికా మొత్తం మీద అప్పటికి ఓవెన్లు లక్ష దాటాయి. అందులో ఐదింట రెండు వంతులు ఈ ఒక్క చోటే ఉన్నాయి.

బాబాయి: గడపకింతమంది అని ఖాయంగా ఉంటే గడపల్లోనే చెప్పొచ్చు. ముందు ఆ ఓవెన్‌ ఎలా ఉండేదో చెప్పు.

లెక్చరర్‌: ఇటుకల గుమ్మటం. లోపల వెడల్పు 12 అడుగులు, ఎత్తు 7 అడుగులు. నడినెత్తిన ఒక కన్నం. ఆ కన్నాల వరస మీదుగా పట్టాలు వేస్తారు. వాటి మీద నడిచే బండి పేరు లారీ, అది ఒక్కో కన్నంలో బొగ్గు వదిలేసి పోతుంది. ముందున్న తలుపులోంచి పొడుగు చువ్వతో బొగ్గును చదును చేసి, తలుపుకు ఇటుక పేర్చి మట్టి మెత్తుతారు, గాలి దూరేందుకు పైన కాస్త సందు ఉంచుతారు. కిందటి విడత వేడి గోడల్లో ఇంకా ఉంటుంది కాబట్టి వేరే నిప్పు పెట్టక్కర్లేదు. బొగ్గులోంచి లేచే గ్యాసు అక్కడే అంటుకుంటుంది, గుమ్మటం ఆ వేడిని కిందికి కొడుతుంది. రెండు రోజులయ్యాక తలుపు పగలగొట్టి, లోపలికే గొట్టంతో నీళ్లు కొట్టి చల్లార్చి, ఒక మనిషి ఎదురుగా నిలబడి కోక్‌నంతా బయటికి లాగుతాడు. ఆకారం తేనెటీగల గూడులా ఉంటుందని బీహైవ్‌ ఓవెన్‌ అన్నారు.

బాబాయి: విడతకు ఎంత బొగ్గు?

లెక్చరర్‌: సుమారు 5 టన్నులు. అందులో మూడింట రెండు వంతులు కోక్‌గా బయటికొస్తుంది.

బాబాయి: 48 గంటలకు 3.3 టన్నులు. రోజుకు 1.65. ఇప్పుడు మాది విను. ఓవెన్‌ ఎత్తు 7 మీటర్లు, పొడవు 16 మీటర్లు, వెడల్పు మాత్రం సగటున 41 సెంటీమీటర్లే. మనిషి పక్కకు తిరిగితే గాని పట్టడు. అందులో 32 టన్నుల దాకా బొగ్గు పోస్తాం. 16 నుంచి 18 గంటలు కాలుతుంది. నాలుగింట మూడు వంతులు కోక్‌, అంటే 24 టన్నులు. రోజుకు లెక్కేస్తే 34 టన్నులు. మా ఓవెన్‌ ఒకటి వాళ్లవి ఇరవై. మా ప్లాంటుకు మొదట కట్టినవి మూడు బ్యాటరీలు, 201 ఓవెన్లు. అవి వాళ్ల 4,000 ఓవెన్లతో సమానం. ఇప్పుడు చెప్పు, నీ గడపల లెక్క ఏమైంది?

లెక్చరర్‌: పోలిక ఒప్పుకుంటాను. మరి వాళ్ల ఓవెన్‌ ఏడాదికి ఎంత ఇస్తుంది?

బాబాయి: 1.65 ఇంటూ 365. ఆరొందల టన్నులు.

లెక్చరర్‌: ఆదివారాలు తీసెయ్‌.

బాబాయి: కోక్‌ ఓవెన్‌కి ఆదివారమేటి?

లెక్చరర్‌: నీ ఓవెన్‌కి లేదు, వాళ్ల ఓవెన్‌కి ఉంది. సోమవారం పోసింది బుధవారం లాగుతారు. బుధవారం పోసింది శుక్రవారం. శుక్రవారం పోసింది మాత్రం సోమవారం దాకా లోపలే ఉంటుంది. ఆ విడతకు బొగ్గు కాస్త ఎక్కువ పోసేవాళ్లు. 72 గంటలు కాలిన ఆ గట్టి కోక్‌ పోతపని చేసే ఫౌండ్రీలకు పోయేది, 48 గంటలది బ్లాస్ట్‌ ఫర్నేస్‌లకు. అంటే వారానికి మూడు విడతలు, పది టన్నులు. ఏడాదికి 500. దాన్ని 40,000తో హెచ్చవేస్తే 2 కోట్ల టన్నులు. మొదటి ప్రపంచ యుద్ధం గిరాకీలో, 1916లో, ఆ ప్రాంతం నిజంగా చేసిన కోక్‌ 2 కోట్ల టన్నులకు కాస్త పైన. చర్చి గంట కూడా సామర్థ్యంలో భాగమే బాబాయ్‌, నీ లెక్కలో అది లేదు.

బాబాయి: బాగానే పట్టావు. అయితే వాళ్ల టన్ను 907 కిలోలే, నీ వ్యాసంలో అది ఎక్కడా రాయలేదు. అది అటుంచు. ఆ 5 టన్నుల బొగ్గు 12 అడుగుల నేల మీద పరిస్తే ఎంత మందం వస్తుంది?

లెక్చరర్‌: రెండడుగులు. 48 గంటల కోక్‌కు 22 నుంచి 24 అంగుళాలు పోసేవాళ్లు.

బాబాయి: 24 అంగుళాలు, 48 గంటలు. గంటకు అరంగుళం. మా ఓవెన్‌కు రెండు పక్కలా వేడి గోడలు. ఒక్కో గోడ నుంచి నడిమధ్యకు 20 సెంటీమీటర్లు, అంటే 8 అంగుళాలు. పట్టే టైము 16, 17 గంటలు. మళ్లీ గంటకు అరంగుళమే! కాస్త అటూ ఇటూ అవుతుంది, తేమను బట్టి, గోడ వేడిని బట్టి. కానీ చూశావా? నీ కానెల్స్‌విల్‌ మనిషికీ నాకూ మధ్య వందేళ్లు గడిచినా బొగ్గులో వేడి పాకే వేగం మారలేదు. బొగ్గు వేడిని తేలిగ్గా లోపలికి పోనివ్వదు. మనం చేయగలిగిందల్లా బొగ్గును పలచగా, నిలువుగా నిలబెట్టి రెండు వైపుల నుంచీ కాల్చడం. వాళ్లకు పైనుంచి ఒకటే తలం, అదీ 12 అడుగుల గుండ్రం. మాకు రెండు గోడలు, ఒక్కోటి ఏడు మీటర్లు బై పదహారు. సామర్థ్యమంటే వేడి గోడ ఎన్ని చదరపు మీటర్లుందో అంత, మిగతాదంతా కబుర్లు. బొగ్గుకు తొందర లేదు, తొందర మనకే. ఆ తొందరలో టైము కాకుండా పుషింగ్‌ చేశావనుకో, అంటే కోక్‌ను ర్యామ్‌తో బయటికి తోశావనుకో, దాన్ని గ్రీన్‌ పుష్‌ అంటాం. నడుమన ఇంకా కాలని బొగ్గుంటుంది. తలుపు తీయగానే పసుపూ నలుపూ కలిసిన పొగ కమ్మేస్తుంది. ఒక్కోసారి కోక్‌ గోడను వదలదు, ర్యామ్‌ కదలదు. స్టికర్‌ పడిందంటాం. ఆ రోజుకు నీ సామర్థ్యం అక్కడ ఆగిపోతుంది.

(విన్నంతలో బాబాయి పక్షానికి ఇదే బలమైన చోటు. నిజానికి ఈ వివరణతోనే వాదన ముగిసిపోవాలి. ముగియకపోవడానికి కారణం, లెక్చరర్‌ అడుగుతున్న ప్రశ్న వేరు. ఓవెన్‌ ఎంత ఇవ్వగలదన్నది ఆయన ప్రశ్న. ఇవ్వనక్కర్లేని రోజున దాన్ని ఏం చేస్తారన్నది ఆమెది.)

లెక్చరర్‌: నీ గోడల లెక్క వాళ్లకు తెలియక కాదు. యూరప్‌లో నిలువు గదుల ఓవెన్లు 1860ల నుంచీ ఉన్నాయి. అమెరికాలో గ్యాసూ తారూ అమ్మోనియా పట్టుకునే మొదటి ఓవెన్లు 1890ల మొదట్లో న్యూయార్క్‌ రాష్ట్రం సిరక్యూస్‌లో వచ్చాయి. కట్టింది ఎవరో తెలుసా? ఉక్కు వాళ్లు కాదు, సోడా యాష్‌ తయారుచేసే సాల్వే కంపెనీ. వాళ్ల పద్ధతికి అమ్మోనియా కావాలి. ఆ తర్వాత 1895లో జాన్స్‌టౌన్‌లో ఉక్కు కంపెనీ కట్టింది. జాన్స్‌టౌన్‌ కూడా అదే పెన్సిల్వేనియాలోది. ఇంత దగ్గర్లో చూస్తూ కూడా కానెల్స్‌విల్‌ వాళ్లు మరో ఇరవై ఏళ్లు గుమ్మటాలే కట్టుకుంటూ పోయారు.

బాబాయి: బుద్ధి లేక.

లెక్చరర్‌: అంత తేలిగ్గా అనేయకు.

బాబాయి: ఎందుకనకూడదు? టన్ను బొగ్గుకు దాదాపు 300 క్యూబిక్‌ మీటర్ల గ్యాసు వస్తుంది. 2 కోట్ల టన్నుల కోక్‌కు 3 కోట్ల టన్నుల బొగ్గు కావాలి. వాళ్ల టన్ను చిన్నది కాబట్టి ఏడాదికి 800 కోట్ల క్యూబిక్‌ మీటర్లు. మేమూ అందులో కొంత ఓవెన్లు కాల్చడానికే వాడతాం, సగం తీసెయ్‌. అయినా 400 కోట్లు. తారు, బెంజాల్‌, అమ్మోనియా వేరే. అవన్నీ ఆకాశంలోకి వదిలారు. అసలు కోక్‌ కూడా కొంత అక్కడే కాలిపోయేది. లోపలికి గాలి పెడితే కాలక ఏమవుతుంది? మాకు నాలుగింట మూడు వంతులు వస్తే వాళ్లకు మూడింట రెండు వంతులే వచ్చిందంటే కారణం అదే. పైగా ఎర్రటి కోక్‌ మీద నీళ్లు కొట్టి ఉన్న వేడినీ పారబోశారు. మా దగ్గర నైట్రోజన్‌తో చల్లారుస్తాం, ఆ వేడితో ఆవిరి చేసి టర్బైన్లు తిప్పుతాం.

లెక్చరర్‌: గ్యాసు పట్టుకుని ఎవరికి అమ్మాలి? కొండల మధ్య గనులు. చుట్టూ పట్నం లేదు, పక్కన స్టీల్‌ప్లాంటు లేదు. కింద ఎనిమిది తొమ్మిది అడుగుల మందం పిట్స్‌బర్గ్‌ పొర. కడగక్కర్లేదు, ఇంకో బొగ్గు కలపక్కర్లేదు, తవ్వింది తవ్వినట్టు పోస్తే మేలిరకం కోక్‌. అంత చవక బొగ్గులో నూటికి ఎనిమిది వంతులో పది వంతులో పోతే ఎవడికి పట్టింది? గుమ్మటం కట్టడానికి అయ్యేది వందల డాలర్లలో, నిలువు గదికి అయ్యేది వేలల్లో. ఇంకోటి చెబితే నవ్వుతావు. బీహైవ్‌ కోక్‌ వెండిలా మెరిసేది. ఫర్నేస్‌ వాళ్లు ఆ మెరుపుకు అలవాటుపడి, కొత్త ఓవెన్లలోంచి వచ్చే మసకరంగు కోక్‌ను చాలా ఏళ్లు నమ్మలేదు.

బాబాయి: రంగు చూసి కోక్‌ కొనేవాళ్లు ఇక్కడా ఉన్నారులే.

లెక్చరర్‌: అసలు సంగతి మెరుపు కాదు, ఖాళీ ఓవెన్లు. ‘కొరియర్‌’ పట్టికలో మూడో గడి. 1907లో ఆ ప్రాంతం దాదాపు 1.9 కోట్ల టన్నులు చేసింది. ఆ ఏడాది చివర్లో న్యూయార్క్‌లో బ్యాంకుల సంక్షోభం. 1908లో ఉత్పత్తి సగానికి దగ్గరగా పడిపోయింది. వేల ఓవెన్లు చల్లారాయి. గిరాకీ తిరిగి రాగానే కట్టెలు, బొగ్గు వేసి మళ్లీ రాజేశారు. ఏమీ పగలలేదు, ఎవరూ దివాలా తీయలేదు. నిద్రపోగల సామర్థ్యం అది. నీ బ్యాటరీ అలా నిద్రపోగలదా?

బాబాయి: పోలేదు. పోతే లేవదు. మా గోడలు సిలికా ఇటుక. వెయ్యి డిగ్రీల దగ్గర అది రాయిలా నిలుస్తుంది. కానీ చల్లారేటప్పుడు 600 డిగ్రీల కిందికి దిగితే సిలికా స్ఫటికం రూపు మార్చుకుంటుంది, 300 కింద ఇంకోసారి మార్చుకుంటుంది. మారినప్పుడల్లా ఇటుక కొలత మారుతుంది, గోడ నెరలిస్తుంది. అందుకే మొదటిసారి వేడెక్కించడమే వారాలు పడుతుంది. ఒకసారి వేడెక్కాక బ్యాటరీ బతికినన్నాళ్లూ, ముప్పై నలభై ఏళ్లు, వేడి దించరు.

లెక్చరర్‌: మరి కోక్‌ అక్కర్లేనప్పుడు?

బాబాయి: టైము సాగదీస్తాం. 17 గంటలది 24 చేస్తాం, 30 చేస్తాం, ఇంకా పైకి కూడా పోవచ్చు. గోడ వేడి తగ్గించి, పుషింగ్‌లు తగ్గిస్తాం. ఓవెన్లన్నీ నిండే ఉంటాయి, అన్నీ కాలుతూనే ఉంటాయి, కోక్‌ మాత్రం సగమే వస్తుంది.

లెక్చరర్‌: చూశావా! నీ పట్టికలో ఖాళీ గడే ఉండదు. 67కు 67 నడుస్తున్నట్టే కనిపిస్తుంది. వాళ్ల పట్టికలో మందగమనం ఓవెన్ల సంఖ్యలో కనిపించేది, నీ పట్టికలో గంటల్లో దాక్కుంటుంది. గంటలు రాయకుండా 67 అని రాసినా అదీ గడపల లెక్కే.

బాబాయి: అందుకే కదా మేము ఓవెన్లు చెప్పం, షిఫ్ట్‌కు ఎన్ని పుషింగ్‌లో చెబుతాం. సరే, ఆ మాట నీదే. కానీ నిద్ర నిద్ర అంటున్నావే, ఆ నిద్రకు జీతం ఎవరిచ్చారు?

లెక్చరర్‌: ఎవరూ ఇవ్వలేదు. కోక్‌ లాగే మనిషికి కూలి ఓవెన్‌ లెక్కన. ఓవెన్‌ చల్లారితే అతని కూలీ చల్లారినట్టే. ఇల్లు కంపెనీది, చాలాచోట్ల కొట్టు కూడా కంపెనీదే. ఎక్కువమంది స్లోవాక్‌లు, హంగరీ వాళ్లు, ఇంకా తూర్పు యూరప్‌ నుంచి వచ్చినవాళ్లు.

బాబాయి: మరి ఇందాక ఏదో గొప్పగా చెప్పావు, ఏమీ పగలలేదు, ఎవరూ దివాలా తీయలేదని. ఓవెన్‌ పగలలేదు. మనిషి పగిలాడు.

లెక్చరర్‌: గొప్ప అనలేదు. అలా ఎందుకు కట్టారో చెప్పాను. ఆ రెండూ వేరు. హెన్రీ క్లే ఫ్రిక్‌ ఎలా ఎదిగాడో చూడు. 1871లో ఈ వ్యాపారంలోకి వచ్చాడు. 1873లో ఆర్థిక సంక్షోభం వచ్చి అందరూ ఓవెన్లు ఆర్పేసి అమ్ముకుంటుంటే, ఇతను అప్పులు చేసి ఆ ఖాళీ ఓవెన్లూ బొగ్గు భూములూ కొన్నాడు. 1880ల్లో ఉక్కు వ్యాపారి కార్నెగీ వచ్చి భాగస్వామి అయ్యాడు. అంటే కోక్‌ను అందరికంటే ఎక్కువగా కొనేవాడూ, అందరికంటే ఎక్కువగా అమ్మేవాడూ ఒకే గూటికి చేరారు. ఖాళీగా ఉన్నది కొన్నవాడే రాజయ్యాడు. ఎక్కువ ఓవెన్లు ఉండటమంటే ఎక్కువ కోక్‌ చేయడం ఒక్కటే కాదు. అవతలివాడు ధర పెంచితే నా దగ్గర మండని ఓవెన్లు ఇన్ని వేలున్నాయి చూసుకో అని బెదిరించడం కూడా.

బాబాయి: కూలీలతోనూ అదే బెదిరింపు కదా.

లెక్చరర్‌: అదే. 1891 జనవరిలో ఫ్రిక్‌ కంపెనీ మామత్‌ గనిలో పేలుడు జరిగి 109 మంది చనిపోయారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆ ప్రాంతమంతా సమ్మె. ఏప్రిల్‌ మొదట్లో మోర్‌వుడ్‌ ఓవెన్ల దగ్గరికి ఊరేగింపుగా వచ్చిన సమ్మెదారుల మీద కాపలా ఉన్న డిప్యూటీలు కాల్పులు జరిపారు. కనీసం ఏడుగురు పోయారు. సమ్మె ఓడిపోయింది.

బాబాయి: మా దగ్గరి సంగతి వేరు. గోడ చల్లారకూడదు కాబట్టి మనిషినీ ఇంటికి పంపలేరు. పుషింగ్‌లు సగమైనా బ్యాటరీ పైన మనిషి ఉండాలి, తలుపుల దగ్గర ఉండాలి, గ్యాసు దగ్గర ఉండాలి. మూడు షిఫ్టులూ, పండగా పబ్బమూ లేకుండా. మాకు ఆదివారం లేకుండా చేసిన ఇటుకే మాకు ఉద్యోగభద్రత ఇచ్చింది.

లెక్చరర్‌: పర్మినెంటు వాళ్లకు. ఏ ప్లాంటులోనైనా కాంట్రాక్టు వాళ్లను పిలిచే రోజుల్లో పిలుస్తారు, మిగతా రోజుల్లో పిలవరు. బీహైవ్‌ ఓవెన్‌ అక్కడ ఇంకా బతికే ఉంది.

బాబాయి: అది వేరే పంచాయతీ.

లెక్చరర్‌: అదే పంచాయతీ బాబాయ్‌.

(దీనికి జవాబు రాలేదు. కాసేపు టీ నడిచింది. తర్వాత ఆయనే మళ్లీ ఎత్తుకున్నారు, ఈసారి తన పక్షానికే వ్యతిరేకంగా. ఆయనలో నాకు నచ్చే గుణం ఇది.)

బాబాయి: ఉద్యోగభద్రత అన్నాను గానీ ఊపిరి భద్రత గురించి నువ్వు అడగలేదు. పిట్స్‌బర్గ్‌ దగ్గరి ఉక్కు కార్మికుల మీద చేసిన పెద్ద పరిశోధన గురించి మాకు ట్రైనింగులో చెప్పారు. ఫలితాలు 1970ల మొదట్లో వచ్చాయి. ఓవెన్ల పైభాగంలో ఐదేళ్లకు మించి పనిచేసినవాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్‌ చావులు మామూలుగా ఉండాల్సినదానికి పది రెట్లు. 1976లో అమెరికా ప్రభుత్వం కోక్‌ ఓవెన్‌ పొగల మీద నియమాలు పెట్టింది. వాళ్ల బీహైవ్‌ పొగ ఊరంతటికీ సమానంగా అందితే, మా తలుపు సందుల్లోంచి కారేది ఎదురుగా నిలబడ్డవాడికి. పుషింగ్‌ టైము నొక్కేకొద్దీ తలుపులు సీల్‌ కావు, కారడం పెరుగుతుంది. అందుకే ఎవడైనా ‘డిజైన్‌ కెపాసిటీకి మించి సాధించాం’ అని చెబితే, నేను ఆ బ్యాటరీ తలుపులు ఎలా ఉన్నాయో అడుగుతాను.

లెక్చరర్‌: ఇది నా వ్యాసంలో పెడతాను.

బాబాయి: పెట్టుకో. కానీ చివరికి ఎవరు గెలిచారో కూడా పెట్టు. 

లెక్చరర్‌: పెట్టాను. 1914లో యుద్ధం రాగానే జర్మనీ నుంచి వచ్చే రంగులూ తారు రసాయనాలూ ఆగిపోయాయి. టీఎన్‌టీకి టొలుయీన్‌ కావాలి. అది కోక్‌ ఓవెన్‌ గ్యాసులో ఉంది. అంతవరకూ ఆకాశంలోకి పోతున్నది ఒక్కసారి ఆయుధ సామగ్రి అయింది. 1919లో మొదటిసారి అమెరికాలో నిలువు ఓవెన్ల కోక్‌ బీహైవ్‌ కోక్‌ను దాటింది. కానీ గెలిచిందెవరు? ఫ్రిక్‌ కంపెనీ అప్పటికి యునైటెడ్‌ స్టేట్స్‌ స్టీల్‌ చేతిలో ఉంది. ఆ యునైటెడ్‌ స్టేట్స్‌ స్టీలే 1918లో మొనాంగహేలా నది ఒడ్డున క్లెయిర్టన్‌లో భారీ బ్యాటరీలు మొదలుపెట్టింది. తమ గనుల బొగ్గే పడవల్లో కిందికి తెచ్చుకుంది. కొండమీద వేల గుమ్మటాలున్నవాడే వాటిని వదిలేసి నది ఒడ్డుకు దిగాడు. యజమాని మారలేదు, సామర్థ్యం చోటు మారింది. కొండ మీది ఊళ్లు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

బాబాయి: గ్యాసు వాడుకునే ఫర్నేసులు నది ఒడ్డున ఉన్నాయి. కోక్‌ గని దగ్గర కాదు, గ్యాసు వాడే చోట చెయ్యాలి. అంతకంటే ఏమీ లేదు అందులో. మా ప్లాంటూ గని దగ్గర కాదు, సముద్రం పక్కన నిలబడింది. సింగరేణి ఇంత దగ్గరున్నా అది కోకింగ్‌ బొగ్గు కాదు. ఝరియా బొగ్గులో బూడిద ఎక్కువ. ఎక్కువ భాగం ఆస్ట్రేలియా లాంటి చోట్ల నుంచి ఓడల్లో రావాల్సిందే. మూడు బ్యాటరీలకూ కలిపి కాగితం మీద ఏడాదికి 22.6 లక్షల టన్నుల కోక్‌. అంత కోక్‌ రావాలంటే ఏడాదికి 30 లక్షల టన్నుల బొగ్గు పడాలి. ఓడ ఆగితే టైము సాగదీయడమే. ఓవెన్లు విశాఖలో ఉన్నా, సామర్థ్యం ఇంకా సముద్రం మీదే ఉంటుంది.

లెక్చరర్‌: ఇందాక వేడి గోడ చదరపు మీటర్లే సామర్థ్యం, మిగతాదంతా కబుర్లు అన్నావు.

బాబాయి: గోడ ఉన్నంతవరకూ ఇస్తుంది అన్నాను. బొగ్గు లేకపోయినా ఇస్తుందని అనలేదు.

లెక్చరర్‌: మరి నేనూ అదే కదా అంటున్నది! ఇంకోటి విను. గెలుపు ఖాయమైపోయాక కూడా గుమ్మటాలు రెండుసార్లు లేచాయి. 1932లో, మహా మాంద్యం అడుగున, అమెరికా మొత్తం మీద బీహైవ్‌ కోక్‌ 10 లక్షల టన్నులు కూడా లేదు. అందరూ చచ్చిందనుకున్నారు. పదేళ్లకు, 1942లో, రెండో ప్రపంచ యుద్ధం నడుమ 80 లక్షల టన్నులకు చేరింది. గడ్డి మొలిచిన గుమ్మటాలు బాగుచేసి రాజేశారు. కొత్త బ్యాటరీ కట్టడానికి ఏళ్లు పట్టేది, యుద్ధం అంతదాకా ఆగదు. ఆ 70 లక్షల టన్నుల తేడా ఎక్కడుంది ఆ పదేళ్లూ? నీ లెక్కలో ఎక్కడ రాస్తావు దాన్ని? కొరియా యుద్ధం వచ్చినప్పుడూ ఇలాగే లేచాయి.

బాబాయి: పాత ఇనుప సామాను కింద రాస్తాను.

లెక్చరర్‌: పాత ఇనుము యుద్ధాన్ని నడపదు.

(1942 మాటకు బాబాయి దగ్గర జవాబు లేదని నాకనిపించింది. పాత ఇనుము అన్నది జవాబు కాదు, విసుగు. అయితే లెక్చరర్‌ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు.)

లెక్చరర్‌: అసలు బీహైవ్‌ ఇప్పటికీ పోలేదు. 1990ల్లో చైనాలో, ముఖ్యంగా షాన్‌షీలో, గ్యాసు పట్టుకోని నాటు ఓవెన్లు ఆ దేశపు కోక్‌లో పెద్ద వాటా ఇచ్చాయి. పొగ గొడవ వల్ల వాటిని ప్రభుత్వమే మూయించింది. కానీ అమెరికాలోనే చూడు. సన్‌కోక్‌ వాళ్లు 1998లో ఇండియానా హార్బర్‌లో 268 ఓవెన్లు మొదలుపెట్టారు. పైన గుమ్మటం, బొగ్గు అడ్డంగా పరుపు, గ్యాసు లోపలే మండుతుంది, ఆ వేడితో ఆవిరి, కరెంటు. విడతకు ఎంతసేపో తెలుసా? 48 గంటలు!

బాబాయి: బొగ్గు మందం ఎంత?

లెక్చరర్‌: మీటరు దాకా.

బాబాయి: కింద నుంచి కూడా వేడి ఇస్తారా?

లెక్చరర్‌: ఇస్తారు. గ్యాసును నేల కింది దారుల్లోకి తిప్పి కాలుస్తారు.

బాబాయి: అయితే పైనుంచి సగం, కిందనుంచి సగం. ఒక్కో వైపు 20 అంగుళాలు. 48 గంటలు. మళ్లీ దాదాపు అదే అరంగుళం. సరే, గుమ్మటమే ఒప్పుకున్నాను. ఇటుక ఏది?

లెక్చరర్‌: సిలికా.

బాబాయి: చల్లారుస్తారా?

లెక్చరర్‌: ...లేదు. వేడి నిలబెడతారు.

బాబాయి: ఆర్పలేనిదాన్ని బీహైవ్‌ అనకు. నువ్వు ఇంతసేపూ మెచ్చుకున్నది ఆ నిద్రనే, అదే లేదు దానికి. అది వేషం మార్చుకున్న మా చుట్టం.

లెక్చరర్‌: మీ చుట్టమైతే తారంతా ఎందుకు తగలబెట్టుకుంటోంది?